మన ఊరికి సేవకు వస్తున్నాం, ఏం తెమ్మంటారు?

(ఆరోగ్యశాఖలో పనిచేసి రిటైరైన నర్సాపురం అత్తయ్యగారు పాఠకుల ఉత్తరాలకు జవాబులిచ్చే శీర్షిక)

ప్రశ్న: అత్తయ్యగారూ, నమస్కారమండి. మేం డాలస్‌లో ఉంటున్నాం. మా తెలుగు చర్చిలో సగానికి పైగా గోదావరి జిల్లాలవాళ్ళమే. మా ముత్తాతలు మిషనరీల కాలంలో నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు. వచ్చే జనవరిలో ఇరవై మందిమి కలిసి పది రోజులు మా పూర్వీకుల ఊళ్ళలో సేవ చేద్దామని అనుకుంటున్నాం. మాలో ఇద్దరు డాక్టర్లు, నలుగురు నర్సులు ఉన్నారు. మెడికల్ క్యాంపులు పెడతాం. మందులు, బట్టలు పంచుతాం. ఒక ఊళ్ళో బోరు వేయిస్తాం. ఇక్కడే పుట్టి పెరిగిన మా పిల్లలకు ఊరు చూపించాలని కూడా ఉంది. ఏమేం తెచ్చుకోవాలి? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: రా అమ్మా, తప్పకుండా రండి. ఊరి పిల్లలు ఊరికొస్తామంటే వద్దనేవాళ్ళు మన వైపు ఉండరు. కానీ ఏం తేవాలో తర్వాత చూద్దాం. మీరు విమానం ఎక్కి వెళ్ళిపోయాక, మీ క్యాంపుకి వచ్చిన మనిషిని ఎవరు చూస్తారు? ముందు అది తేల్చుకోండి. సూట్‌కేసులో ఏం సర్దుకోవాలో దాన్నిబట్టి మీకే తెలిసిపోతుంది.

నేను ఉద్యోగంలో ఉండగా ఓ లంక ఊళ్ళో ఓ మామ్మ తెల్లారుజామున వాకిట్లో పడిపోయిందని కబురొస్తే పరిగెత్తాను. ఒళ్ళంతా చెమటలు, మాట తడబడుతోంది. పంచదార నీళ్ళు పట్టిస్తే కాసేపటికి తేరుకుంది. ఏం మందులు వేసుకుంటున్నావని అడిగితే మనవరాలు బోర్న్‌విటా డబ్బా తెచ్చి మంచం మీద కుమ్మరించింది. మూడు రంగుల అట్టలు. ఒకటి గవర్నమెంటు ఆస్పత్రిలో ఇచ్చింది, రెండోది ఓ క్యాంపులో ఇచ్చింది, మూడోది ఇంకో క్యాంపులో. వెనకున్న చిన్నక్షరాలు చదివితే మూడూ ఒకటే మందు, షుగరు తగ్గించే గ్లిమిపిరైడ్. మామ్మ ఎవరినీ చిన్నబుచ్చడం ఇష్టంలేక రోజూ మూడూ వేసుకుంటోంది. “ముగ్గురు డాక్టర్లూ మంచోళ్ళేనమ్మా, ఎవరిది మానను?” అంది. కూతురు మస్కట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది ఆ మామ్మ, తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్ల. మందులు తీసిచ్చేది ఆ పిల్లే.

రాజోలు, సఖినేటిపల్లి, నర్సాపురం వైపు ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. వయసులో ఉన్న ఆడవాళ్ళు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు, ముసలివాళ్ళూ పిల్లలూ ఇక్కడ. మీ నర్సమ్మలు మందు ఎలా వేసుకోవాలో పేషెంటుకి చెప్పి వదిలేయకుండా, ఆ ఇంట్లో మందు తీసిచ్చేదెవరో అడిగి వాళ్ళని కూడా కూర్చోబెట్టి చెప్పాలి. ఒక్కో మనిషికి ఒక్కో చిన్న నోటుబుక్ పెట్టండి. బరువు, బీపీ, షుగరు, వాడుతున్న మందు పేరు, ఎప్పుడు వేసుకోవాలి, అన్నీ తెలుగులో, పెద్దక్షరాల్లో. అవే వివరాలు ఇంకో కాపీ ఊళ్ళో ఉన్న విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఇవ్వండి. అక్కడ ఏఎన్ఎం నర్సమ్మ ఉంటుంది, ఆశా ఉంటుంది, పైన పీహెచ్‌సీ డాక్టరు ఉంటాడు. బీపీ, షుగరు మాత్రలు అక్కడ ఉచితమే. వాళ్ళకి చెప్పకుండా ఊళ్ళో క్యాంపు పెట్టేస్తే, మీరు రాసిన మందుకీ వాళ్ళిచ్చే మందుకీ పొంతన ఉండదు. ఆ మామ్మ డబ్బాలో నాలుగో రంగు అట్ట చేరుతుంది, అంతే.

ఇక మీ డాక్టర్లు. అమెరికాలో ఎంత పెద్ద డాక్టరైనా, ఇక్కడ రిజిస్ట్రేషన్ లేకపోతే నేషనల్ మెడికల్ కమిషన్ అనుమతి లేకుండా వైద్యం చేయకూడదు. దానికి ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. అంత టైము లేదనుకుంటే మందుచీటీ ఇక్కడి డాక్టర్లే రాస్తారు. మీవాళ్ళు పక్కన కూర్చుని మాట్లాడొచ్చు, కాళ్ళకి పుళ్ళున్న షుగరు పేషెంట్లకి పాదాలెలా చూసుకోవాలో చూపించొచ్చు, మా ఏఎన్ఎం పిల్లలకి ఓ పూట క్లాసు చెప్పొచ్చు. నిజానికి వాళ్ళకి అదే ఎక్కువ అవసరం.

మందులు అక్కణ్ణించి మోసుకురాకండి. సొంత వాడకానికి మించి తెస్తే కస్టమ్స్‌లో దిగుమతి లైసెన్సు అడుగుతారు. షుగరు, బీపీ మాత్రలు ఇక్కడ జనఔషధి షాపులో కొంటే మీ ఎక్స్‌ట్రా లగేజీ ఖర్చులో నెలలకి సరిపడా వస్తాయి. సాయంగా ఇచ్చే మందులు దేశంలోకి వచ్చేనాటికి కనీసం ఏడాది గడువు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. అయినా క్లినిక్‌లలో మిగిలిన శాంపిళ్ళు సంచుల్లో పోసుకొచ్చేవాళ్ళని నేను చూశాను. షుగరు చూసే మిషన్లు కూడా అంతే. మిషను ఇచ్చి వెళ్తారు, దానికి వేసే స్ట్రిప్పులు భీమవరంలో కూడా దొరకవు. ఓ ఇంట్లో అలాంటి మిషన్ని టీవీ మీద పెట్టి గుడ్డ కప్పి ఉంచారు. ఇక్కడ దొరికే కంపెనీది ఇక్కడే కొని, స్ట్రిప్పులతో సహా విలేజ్ క్లినిక్‌కి ఇవ్వండి.

మరి ఏం తేవాలంటావా? నా మాట వింటే ఒక్క చత్వారం మీద పెట్టండి మీ శ్రద్ధంతా. నర్సాపురం లేసు పేరు నువ్వు వినే ఉంటావు. మిషనరీ కుటుంబాల ఆడవాళ్ళు నేర్పిన అల్లిక అది. 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. నీ నాయనమ్మో, ఆవిడ తల్లో గుమ్మంలో కూర్చుని అల్లే ఉంటారు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లినదాన్నిబట్టి కూలి. నలభై దాటాక దగ్గర చూపు మందగిస్తుంది, సూది కొక్కెం ఏ కన్నంలోకి వెళ్తోందో కనపడదు. తప్పు పడితే విప్పాలి, విప్పితే ఆ రోజు కూలి లేదు. చాలామంది “నాకు వయసైపోయింది” అనుకుని పని మానేస్తారు. కావలసిందల్లా వందా రెండొందల్లో దొరికే కళ్ళజోడు. 2018లో అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. దగ్గర చూపు అద్దాలు ఇచ్చినవాళ్ళు కోసే ఆకు, ఇవ్వనివాళ్ళకంటే దాదాపు 22 శాతం పెరిగింది. ఆకు కోయడానికే అంత తేడా ఉంటే లేసుకి ఎంత ఉండాలి! కంటి పరీక్షకి ఇక్కడి ఆప్టోమెట్రిస్టుని పిలవండి, శుక్లాలున్నవాళ్ళని వేరుచేసి ఆపరేషన్‌కి పంపించే ఏర్పాటు చేయండి. అమెరికాలో మీరు వాడి పడేసిన అద్దాలు పోగేసుకొచ్చి మాత్రం ఇవ్వకండి. ఒకరి నంబరు ఇంకొకరికి పనికిరాదు.

బట్టల మాట వద్దే వద్దు. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమకి లారీల కొద్దీ పాతబట్టలొచ్చాయి. అందులో స్వెట్టర్లు, కోట్లు, ఊలు ప్యాంట్లు! కొబ్బరిచెట్లు వరసగా పడిపోయి, ఇళ్ళ మీద కప్పుల్లేక, తాగడానికి నీళ్ళు లేక జనం అల్లాడుతుంటే, ఆ బట్టలు రోడ్డు పక్కన గుట్టలుగా పడి వానకి తడిసి కుళ్ళాయి. చివరికి వాటిని ఎత్తి తగలబెట్టడం మా డ్యూటీ అయింది. అప్పుడు జనం అడిగింది టార్పాలిన్లు, బ్లీచింగ్ పౌడరు, కిరసనాయిలు. ఇప్పుడైతే తుపాను కూడా లేదు. సంక్రాంతికి కొత్తబట్ట కుట్టించుకున్న మనిషికి మీ పాత షర్టు ఇస్తే నవ్వుతూ తీసుకుంటాడు. గోదావరి మర్యాద కదా, మొహం మీద చెప్పడు.

బోరు సంగతి. సముద్రం దగ్గరి ఊళ్ళలో మంచినీళ్ళు పైపైనే ఉంటాయి. అవి కిందున్న ఉప్పునీళ్ళ మీద మీగడలా తేలుతుంటాయి. వేరే జిల్లాల్లోలాగా లోతుగా బోరు దింపితే మీ చర్చి పేరు చెక్కిన రాయి పక్కన ఉప్పునీళ్ళు వస్తాయి. దానికి తోడు ఇప్పుడు చుట్టూ రొయ్యల చెరువులు. చాలా ఊళ్ళు తాగేది కాలవ నీళ్ళతో నింపుకున్న పంచాయతీ చెరువు నీళ్ళే. వేసవిలో కాలవలు కట్టేస్తే ఆ చెరువే దిక్కు. ఫిల్టర్‌బెడ్‌లో ఇసుక మార్చి ఎన్నాళ్ళయిందో పంచాయతీలో అడగండి, ఆ పనికి సాయం చేయగలరేమో చూడండి. దాని మీద ఎవరి పేరూ చెక్కడానికి వీలుండదు, అందుకే ఎవరూ ముందుకు రారు. ఆర్‌ఓ ప్లాంటు పెట్టాలనుకుంటే కరెంటు బిల్లు ఎవరు కడతారు, మెంబ్రేన్ పాడైతే ఎవరు మారుస్తారు, వదిలేసిన ఉప్పునీళ్ళు ఎటు పోతాయి, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే రిబ్బను కత్తిరించండి.

డబ్బు విషయంలో మొహమాటపడకండి. మీలో అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే కార్డు) ఉన్నా సరే, మన చట్టం దృష్టిలో విదేశీయులే. వాళ్ళిచ్చే చందా విదేశీ విరాళం. దాన్ని తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థకున్న ఖాతాలోకే రావాలి. 2020లో చట్టం మార్చాక ఆ సంస్థ ఆ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వడానికి కూడా లేదు. “అయ్యగారి ఖాతాలో వేసేస్తే ఆయనే చూసుకుంటారు” అనుకుంటారు మనవాళ్ళు. మీరు వెళ్ళాక నోటీసు వచ్చేది ఆ అయ్యగారికి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి ఇస్తే అది వేరే లెక్క. నీ సొంత మేనత్తకి నువ్వు పంపుకునేది కూడా వేరే లెక్క, ఏడాదికి పది లక్షల దాకా ఎవరికీ చెప్పక్కర్లేదు. క్యాంపు డబ్బుని మాత్రం మేనత్త ఖాతాలోంచి తిప్పకండి.

వీసా కూడా అంతే జాగ్రత్తగా చూసుకోండి. టూరిస్టు వీసా మీద వచ్చి ఆదివారం ఆరాధనకి వెళ్ళి కూర్చోవచ్చు. పుల్పిట్ ఎక్కి వాక్యం చెప్పడం, కరపత్రాలు పంచడం కుదరదు. ఓసీఐ ఉన్నవాళ్ళు కూడా మిషనరీ పని చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021లో స్పష్టంగా చెప్పారు. టికెట్లు కొనకముందే కాన్సులేట్‌లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. “మనూరే కదా, ఎవరు పట్టించుకుంటారు” అని అనొద్దు. పట్టించుకుంటున్నారు.

ఫొటోల గురించి కాస్త గట్టిగానే చెప్తాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవాళ్ళకి ఎస్సీ హోదా వర్తించదు. మన రాష్ట్రంలో వాళ్ళని బీసీ-సీ కింద లెక్కిస్తారు, అందులో రిజర్వేషన్ ఒక్క శాతం. అది న్యాయమేనా అంటే నా అభిప్రాయం నాకుంది, ఈ శీర్షికలో వాదించను. ఊళ్ళో ఒక్కో ఇంట్లో కాగితాలొకలా, ఆదివారాలొకలా ఉంటాయి. నువ్వు ఓ అమ్మాయి భుజం మీద చెయ్యేసి, ఊరి పేరు రాసి, “దేవునికి స్తోత్రం” అని ఫేస్‌బుక్‌లో పెడితే అక్కడ నీకు లైకులొస్తాయి. ఇక్కడ ఆ పిల్ల కులం సర్టిఫికెట్ మీద ఎవరో అర్జీ పెడతారు. క్యాంపులో ఫొటోలే వద్దు. రోగం చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని ఫొటో తీయడం ఏ ఆస్పత్రిలో చూశావు?

క్యాంపు ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. చర్చిలో పెడితే పేటవాళ్ళు వస్తారు, మిగతా వీధులవాళ్ళు రారు. పెద్ద వీధిలో కల్యాణ మండపంలో పెడితే పేటవాళ్ళు వచ్చినా గోడ పక్కన నిలబడతారు. హైస్కూలు నయం. టైము సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి. జనవరిలో దాళ్వా (రెండో పంట) నాట్లు, పగలు ఆడకూలీ ఒక్కరు కూడా ఇంటిపట్టున ఉండరు. భోగి నుంచి కనుమ దాకా అసలు పెట్టొద్దు, కోడిపందేల మైకుల హోరులో మీ డాక్టరుగారి స్టెతస్కోపులో గుండె చప్పుడు కూడా వినపడదు.

పిల్లలకి ఊరు చూపించే పని అన్నిటికంటే మంచిది, దానికి ఓ మూడు రోజులు విడిగా పెట్టుకోండి. 1836లో మిషనరీ గ్రోవ్స్‌గారి వెంట ఇంగ్లండులోని డెవన్ నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు ఈ నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడి తెలుగు నేర్చుకున్నారు. పిల్లల్ని ధవళేశ్వరం తీసుకెళ్ళి కాటన్ దొర 1852కి పూర్తిచేయించిన ఆనకట్ట కథ చెప్పండి. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. ఆ ఆనకట్ట రాకముందు ఈ పచ్చదనం లేదు. నర్సాపురం రేవులో పంటు ఎక్కించి సఖినేటిపల్లి దాటించండి. మోటారుసైకిళ్ళు, కొబ్బరి గెలలు, పెళ్ళివాళ్ళు అందరూ ఒకే పంటు మీద. మీ పిల్లలు ఆ పావుగంట మర్చిపోరు. ముఖ్యంగా ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, మీ తాతలు ఎవరింట్లో పాలేరుగా చేశారో, ఎవరు బళ్ళో వేశారో అడిగించండి. మీ వంశం గురించి మీకు తెలియనివి వాళ్ళకి తెలుసు. పది రోజుల్లో ఊరు మీకిచ్చేది కూడా ఏదో ఒకటి ఉండాలి కదా.

ప్రశ్న: అత్తయ్యగారూ, మా పెదనాన్నగారి అబ్బాయి విదేశం నుంచి వాళ్ళ చర్చివాళ్ళతో వస్తున్నాడు. పన్నెండు మందికి మా ఇంట్లోనే బస అన్నాడు. మా అమ్మకి అప్పుడే టెన్షన్ మొదలైంది. బాత్రూము ఒకటే. వాళ్ళకి కారం పడదు, మంచినీళ్ళు పడవు. ఖర్చు అడిగితే బాగుంటుందా?
– ఒక పాఠకుడు, మొగల్తూరు వైపు

జవాబు: ఎందుకు బాగోదు నాయనా? పన్నెండు మందికి ఒక బాత్రూము అంటే సేవాయాత్ర మీ అమ్మగారే చేసినట్టు. నలుగుర్ని ఉంచుకోండి, మిగతావాళ్ళకి నర్సాపురంలోనో పాలకొల్లులోనో లాడ్జి బుక్ చేసుకోమనండి. అన్నయ్యకి ఫోన్లో చెప్పలేకపోతే వాట్సాప్‌లో రాయండి, “అన్నయ్యా, గ్యాసు, వంటమనిషి, నీళ్ళ టిన్నులు కలిపి రోజుకింత అవుతుంది” అని. విదేశాల్లో ఉండేవాళ్ళు అంకె చెప్తే నొచ్చుకోరు, చెప్పకుండా మొహం మాడ్చుకుంటేనే నొచ్చుకుంటారు. కారం తగ్గించమని అమ్మకి చెప్పండి, కానీ పులస కోసం ఎవరన్నా అడిగితే జనవరిలో దొరకదని ముందే చెప్పేయండి. అది వరద గోదావరికి వచ్చే చేప.

ప్రశ్న: పోయినేడాది ఒక విదేశీ బృందం మా సంఘంలో ఆడవాళ్ళకి కుట్టుమిషన్లు ఇచ్చింది. సగం మూలపడ్డాయి. ఇప్పుడు వాళ్ళు ప్రతి నెలా రిపోర్టు, ఫొటోలు అడుగుతున్నారు. మిషను ముందు కూర్చోబెట్టి ఫొటో తీసి పంపమని కొందరు పెద్దలు అంటున్నారు. నేను యూత్ సెక్రటరీని. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, అమలాపురం దగ్గర

జవాబు: అలాంటి ఫొటో తీయకు బాబూ. తీస్తే వచ్చే ఏడాది ఇంకో ఇరవై మిషన్లొస్తాయి, వాటికీ నువ్వే ఫొటోలు తీయాలి. ఒక్కో ఇంటికీ వెళ్ళి మిషను ఎందుకు ఆగిందో అడిగి రాసుకో. నేను చూసినంతలో కారణాలు మామూలువే: బెల్టు తెగితే బాగుచేసేవాడు లేడు, జాకెట్లు కుట్టడం పూర్తిగా రాలేదు, ఊళ్ళో అప్పటికే ఇద్దరు టైలర్లున్నారు, ఒకావిడ మిషనుతో పాటు గల్ఫ్ వీసా కూడా వచ్చి వెళ్ళిపోయింది. ఆ కారణాలన్నీ వాళ్ళకి ఉన్నదున్నట్టు రాసి, అక్కర్లేనివాళ్ళ మిషన్లు కుట్టేవాళ్ళకి ఇవ్వడానికి అనుమతి అడుగు. మిగిలిన డబ్బుంటే టౌనులో మంచి టైలరు దగ్గర మూడు నెలలు పని నేర్పించమని అడుగు. మీ పెద్దలకి నీమీద కోపమొస్తే, అత్తయ్య చెప్పిందని ఈ పేజీ చూపించు.